ఆ అదనపు వేడి ఎక్కడిది?

హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్ దాటి తార్నాకలో అడుగుపెడితే ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ. రసాయన చర్యలను వేగవంతం చేసే ఉత్ప్రేరకాలపై అక్కడ పరిశోధన జరుగుతుంది. అలాంటి ఉత్ప్రేరకాల్లో పల్లాడియం ఒకటి. దాని ఆకలి చూడండి: తన ఘనపరిమాణానికి దాదాపు 900 రెట్ల హైడ్రోజన్ వాయువును మింగేస్తుంది! మింగుతూ వేడెక్కుతుంది కూడా. అది మామూలు రసాయన వేడే.

1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే శాస్త్రవేత్తలు సంచలనం రేపారు. భారజలంలో (భార హైడ్రోజన్ ఉన్న నీటిలో) పల్లాడియం కడ్డీ ముంచి కరెంటు పంపితే లెక్కకు మించిన వేడి వచ్చిందట. భార హైడ్రోజన్ పరమాణు కేంద్రకాల కలయికే కారణమట. మన ట్రాంబేలోని బాబా అణు పరిశోధన కేంద్రం (బార్క్) కూడా ఆ ఏడాదే ప్రయోగాలు చేసింది.

చిక్కంతా లెక్కలో ఉంది. కరెంటులో కొంత నీటిని విడగొట్టడానికి ఖర్చవుతుంది. పుట్టిన వాయువులు బయటికి పోయాయనుకుని ఆ శక్తిని లెక్కలోంచి తీసేస్తాం. అవి పాత్రలోనే మళ్లీ కలిస్తే? ఆ శక్తి వేడిగా తిరిగొస్తుంది. మనకేమో ఆకాశం నుంచి ఊడిపడ్డట్టుంటుంది! ద్రవం సరిగా కలవకపోయినా థర్మామీటరు మోసం చేస్తుంది. కలపని బకెట్లో పైన వేడినీళ్లు, అడుగున చన్నీళ్లు ఉండవూ?

భారజలంలోని భార హైడ్రోజన్ కేంద్రకాలు నిజంగా కలిసి ఒక్క వాట్ వేడి ఇచ్చినా, మనకు తెలిసిన లెక్క ప్రకారం సెకనుకు సుమారు లక్ష కోట్ల న్యూట్రాన్లు రావాలి. పక్కన నిలబడ్డవాళ్లకు ప్రాణాపాయం. యూటాలో అందరూ క్షేమంగానే ఉన్నారు!

గూగుల్ డబ్బుతో మళ్లీ వెతికిన శాస్త్రవేత్తలు కూడా అలాంటి కలయికకు ఆధారమేదీ దొరకలేదని 2019లో నేచర్ పత్రికలో రాశారు.