గన్నుకు నల్ల సాకెట్టే పెట్టాలి

చిట్యాలలో హైదరాబాద్–విజయవాడ హైవే పక్కన నాది టైర్ల షాపు. హుజూర్‌నగర్ వైపు నుంచి సిమెంటు లోడుతో వచ్చే లారీలు రాత్రనక పగలనక ఆగుతుంటాయి. ఒకప్పుడు లారీ చక్రం విప్పాలంటే పానాకు పొడవాటి పైపు తొడిగి ఇద్దరు మనుషులు బలమంతా పెట్టేవాళ్లు. ఇప్పుడు కంప్రెసర్ గాలితో నడిచే ఇంపాక్ట్ గన్ను వచ్చింది. గన్ను కొనేటప్పుడు అందరూ కంపెనీ చూస్తారు, బేరమాడతారు. దానికి తొడిగే సాకెట్ దగ్గరికొచ్చేసరికి ఏది దొరికితే అది పెట్టేస్తారు. నాకు బాధ అనిపించేది అక్కడే.

గన్ను లోపల సుత్తి లాంటి ముక్క తిరుగుతూ ఇరుసును ఆగకుండా కొడుతుంది. ఆ దెబ్బలన్నీ సాకెట్ మీద పడతాయి. చేత్తో తిప్పడానికి వాడే తెల్లటి మెరుపు సాకెట్ ఎక్కువగా క్రోమ్ వెనేడియం ఉక్కుది. గట్టిదే కానీ గోడ పలచన, దెబ్బలకు పెళుసు. అట్లా పగిలిన ముక్క ఎగిరి పక్క ఊరి షాపులో ఓ పిల్లవాడి కనుబొమ్మ చీల్చింది. వెంట్రుకవాసిలో కన్ను దక్కింది. గన్నుకు చేసిన నల్ల సాకెట్ సాధారణంగా క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో, మందపాటి గోడతో ఉంటుంది. దెబ్బకు ఓర్చుకుంటుంది. అయితే రంగు ఒక్కటే చూసి కొనొద్దు; చేతి సాకెట్లూ నల్లవి దొరుకుతాయి. ఇంపాక్ట్ అని ముద్ర ఉందా, గోడ మందంగా ఉందా, లోపల ఆరు మూలలే ఉన్నాయా చూడండి. పన్నెండు మూలలది నట్టు అంచుల్ని తినేస్తుంది.

కొలత కూడా కచ్చితంగా ఉండాలి. 32 మిల్లీమీటర్ల నట్టుకు 33 సాకెట్ పెడితే ఎక్కుతుంది, నట్టు గుండ్రమైపోతుంది. గన్ను సైజంటే సాకెట్ తొడిగే చతురం కొన కొలత; కార్లకు అరంగుళం గన్ను చాలు, లారీలకు ఇంచు గన్ను కావాలి. అడాప్టర్ తగిలించి చిన్న సాకెట్‌ను పెద్ద గన్నుతో కొడితే ఏదో ఒకటి విరుగుతుంది. ఎక్స్‌టెన్షన్ రాడ్డయినా, వంగే జాయింటయినా ఇంపాక్ట్‌కు చేసినవే వాడాలి, అదీ తప్పనిసరైతేనే.

సాకెట్ పక్కన చిన్న రంధ్రం, చుట్టూ గాడి కనిపిస్తాయి. ఇంచు గన్నుకు ఆ రంధ్రంలో పిన్ను దూర్చి, అది జారకుండా గాడిలో రబ్బరు రింగు ఎక్కించాలి. పిన్ను పోయిందని మేకు ముక్కో కట్టుతీగో పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. అది తెగితే సాకెట్ ఊడి ఎగురుతుంది. రింగు ఖరీదు ఎంతని! పొద్దున షాపు తీయగానే సాకెట్ మూలల్లో సన్న పగులు ఉందేమో, చతురం రంధ్రం అరిగిందేమో మా పిల్లలు చూస్తారు. పగులున్నది ఇనుప సామాన్లోకి పోతుంది. సాకెట్ మార్చే ముందు గాలి పైపు తీసేస్తారు. కళ్లద్దాలు లేకుండా ఎవరూ గన్ను ముట్టరు.

బిగించే దగ్గర డ్రైవర్లతో రోజూ గొడవే. “అన్నా, జెర జల్ది చెయ్యి, ఇంకో నాలుగు దెబ్బలు గట్టిగ కొట్టు” అంటారు. లారీ చక్రం నట్టుకు చాలావరకు 500 నుంచి 700 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి; బండి పుస్తకంలో కచ్చితమైన లెక్క ఉంటుంది. ఇంచు గన్నులు చాలా 2000 పైన కొడతాయి. అంత కొడితే బోల్టు సాగుతుంది, మరలు పోతాయి, తర్వాత ఎప్పుడో రోడ్డు మీద తెగుతుంది. అందుకే నట్లను ముందు చేత్తో రెండు మూడు చుట్లు ఎక్కించి, ఎదురెదురుగా గన్నుతో తక్కువ దెబ్బల్లో ఆనించి, చివరి బిగువు టార్క్ పానాతోనే చూడాలి. ఆలస్యమవుతుందని తిట్టినా మా దగ్గర ఇదే పద్ధతి.

డ్రైవరన్నలకు ఒక మాట. చక్రం మార్చిన తర్వాత 50 నుంచి 100 కిలోమీటర్ల లోపు నట్లు మళ్లీ చూపించుకోవాలి. మా దగ్గర టైరు మార్చుకుని విజయవాడ వైపు పోయేవాళ్లు సూర్యాపేటలో టీకి దిగినప్పుడు ఆ పని చేయించండి.