ఆ ముంత ఉపమానం కాదు: దళిత కవిత్వం ఎలా చదవాలి?

‘కింది పద్యంలోని అలంకారాన్ని గుర్తించండి’ అనే ప్రశ్నకు జవాబు రాయకుండా తెలుగు మీడియంలో పదో తరగతి దాటిన వాళ్లు మనలో దాదాపు ఎవరూ ఉండరు. ఉపమేయం ఏది, ఉపమానం ఏది, సమాన ధర్మం ఏది, ఉపమా వాచకం ఏది అని విడదీసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ చదువులో తప్పేమీ లేదు. కానీ అదే కొలబద్ద పట్టుకుని దళిత కవిత దగ్గరికి వెళితే చిక్కు వస్తుంది. అక్కడ అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇది అసలు అలంకారమేనా?

ఈ ప్రశ్న ఎందుకు అడగాలో పాత అలంకార శాస్త్రం సాయంతోనే చెప్పుకోవచ్చు. (దాన్ని రాసినవాళ్లు మన వాడలను తలుచుకుని రాయలేదు. అయినా పనికొచ్చే పనిముట్టును వదులుకోవడమెందుకు?) మాటకు నేరుగా వచ్చే అర్థం వాచ్యార్థం. అది పొసగనప్పుడు దానికి దగ్గరగా ఉన్న మరో అర్థాన్ని తీసుకుంటాం, అది లక్ష్యార్థం. ‘గంగలో పల్లె ఉంది’ అనేది పండితులు తరతరాలుగా చెబుతున్న ఉదాహరణ. నీళ్లమీద పల్లె నిలవదు కాబట్టి గంగ ఒడ్డున ఉందని అర్థం చేసుకుంటాం. నేరు అర్థానికి ఇలా అడ్డు తగలడాన్ని ముఖ్యార్థ బాధ అన్నారు. అడ్డు తగిలితేనే పక్క అర్థానికి పోవాలి. తగలకపోతే మాటను ఉన్నదున్నట్టే తీసుకోవాలి.

మరి ఆ అడ్డు ఎవరికి తగులుతోంది? ఒక కవితలో మెడకు ముంత, నడుముకు చీపురు కట్టుకుని నడిచే మనిషి కనిపించాడనుకోండి. ‘అవమానానికి ఎంత బలమైన ప్రతీక!’ అని మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉంటారు. 1936లో అచ్చయిన ‘కులనిర్మూలన’లో అంబేడ్కర్ ఈ సంగతి రాశారు. పీష్వాల రాజధాని పూనాలో అంటరానివాళ్లు తాము తొక్కిన దుమ్మును ఊడ్చుకుంటూ పోవడానికి నడుముకు చీపురు కట్టుకోవాలి, ఉమ్మి నేలమీద పడకుండా మెడలో మట్టి ముంత వేలాడదీసుకోవాలి. కవితలో ముంత అంటే ముంతే. హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు, దొర ఇంటి ముందు కాళ్ల నుంచి చేతుల్లోకి వచ్చే చెప్పులు కూడా అంతే. వీటిని ప్రతీకలని పిలవగానే జరిగిన నేరం కవి ఊహగా మారిపోతుంది. తరగతి గదిలో కులం గురించి మాట్లాడాల్సిన పనీ తప్పిపోతుంది. కొందరు విమర్శకుల పొగడ్తలో మాకు కనిపించేది ఈ తప్పించుకోవడమే.

అలాగని దళిత కవులు అలంకారాలు వాడరని కాదు. గుర్రం జాషువా ‘గబ్బిలం’ చూడండి. 1941లో వచ్చిన ఈ కావ్యానికి నమూనా కాళిదాసు మేఘదూతం. అక్కడ కుబేరుడి శాపంతో భార్యకు దూరమైన యక్షుడు మేఘంతో కబురు పంపుతాడు. ఏడాది గడిస్తే ఆ శాపం తీరిపోతుంది. ఇక్కడ ఆకలితో ఉన్న అరుంధతీయుడు తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి తన గోడు చెప్పి పంపుతాడు. అతని శాపానికి గడువు లేదు.

హంసలు, చిలుకలు రాయబారం నడిపే కావ్య లోకంలోకి గబ్బిలం ఎందుకొచ్చింది? అది ఇంట్లో దూరితే అరిష్టమంటారు. పక్షి అందామంటే పక్షి కాదు, జంతువు అందామంటే ఎగురుతుంది. ఎవరి లెక్కలోనూ లేని ప్రాణి కనుక అతనికి సరిపోయిన పోలికే. కానీ జాషువా అక్కడితో ఆగలేదు. గబ్బిలం గుడిలోకి పోగలదు, లోపల కప్పుకు వేలాడగలదు. శివుడి చెవి దానికి అందేంత దగ్గర. మనిషికి ఆ గడప దాటే వీల్లేదు. అప్పటిదాకా సరిగ్గా కుదిరిన పోలిక ఇక్కడ తెగిపోతుంది, కావ్యంలోని కోపమంతా ఆ తెగిన చోటే ఉంది. జాషువా పుట్టిన వినుకొండ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడ ఆలయ ప్రవేశాన్ని హక్కుగా చేసిన చట్టం 1947లో గానీ రాలేదు. అంటే 1941 నాటి పాఠకుడికి గుడి గడప వాచ్యార్థమే. పూజారి లేని సమయం చూసి చెప్పమని గబ్బిలానికి అతను జాగ్రత్త చెబుతాడు. దేవుడి కన్నా ముందు ఎవరిని దాటాలో అతనికి తెలుసు.

అదే కావ్యంలో జాషువా నాలుగు వర్ణాలను ఒకే పాముకు నాలుగు పడగలుగా చూపిస్తాడు. ఇది మాత్రం నూటికి నూరుపాళ్లు రూపకం. ఐదోవాడికి అందులో పడగ లేదు, కాటే మిగిలింది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే సమాజంలో ఈ రూపకం ఎంత దూరం పోతుందో విద్యార్థులు ఆలోచించాలి.

దీనికి తిరగబడిన వ్యవహారం కూడా ఒకటుంది. మన బతుకులను ఇతరులు ఉపమానంగా వాడుకుంటారు. పొత్తు కుదరని పార్టీ నాయకుడు ‘మమ్మల్ని రాజకీయ అంటరానివాళ్లను చేశారు’ అంటాడు. అతని పార్టీకి ఏ బావి దగ్గరా నీళ్లు ఆపలేదు. కులం పేరును తిట్టుగా వాడి, పట్టుబడితే ‘ఊరికే వాడుకలో ఉన్న మాటే అన్నాం’ అనేవాళ్లు సరేసరి. 2008లో స్వరణ్ సింగ్ కేసులో ‘చమార్’ అనే మాట గురించి సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. చూడాల్సింది మాట పుట్టుకను కాదు, జనం వాడుకలో దానికొచ్చిన అర్థాన్ని అంది. అవమానించే ఉద్దేశంతో నలుగురూ చూసే చోట ఎస్సీ వ్యక్తిని అలా పిలిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమేనని చెప్పింది.

కవులు ఈ పనిని ఇంకా ముందే మొదలుపెట్టారు. ‘నల్ల’ అనే ఒక్క మాట తీసుకుందాం. సహాయ నిరాకరణ రోజుల్లో గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అన్నారు. తెలుపు అంటే బ్రిటిష్ వాడు. దానికి బదులుగా రాజమండ్రికి చెందిన కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాశారు. మనల్ని గేలిచేసే రంగును ధర్మన్న తీసుకెళ్లి స్వదేశీ దొర ఒంటికి అంటించారు. తర్వాత గోగు శ్యామల దళిత స్త్రీల సాహిత్యాన్ని సంకలనం చేసి ‘నల్లపొద్దు’ అని పేరు పెట్టారు. పొద్దు అంటే సూర్యుడు, కాలం కూడా. సూర్యుడు నల్లగా ఎలా ఉంటాడని అడ్డు తగిలేవాళ్లు దాన్ని విరోధాభాసం అని రాసుకుంటారు. పొద్దస్తమానం ఎండలో కలుపు తీసి వచ్చే ఆడవాళ్లకు మాత్రం అది తమ ఒంటి రంగు, తాము గడిపిన రోజు.