అయిదుగురు పాడిన పాటలో ఎవరి వాటా ఎంత?

‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అనే మాటకు కరోనా కాలం అర్థం ఇంకా రాని రోజుల్లో, 2016లో, అదే పేరుతో ఒక పాట అమెరికా రేడియోలను ఊపేసింది. పాడింది ఫిఫ్త్ హార్మొనీ అనే అమ్మాయిల బృందం. బిల్‌బోర్డ్ ‘హాట్ 100’ పట్టికలో నాలుగో స్థానం దాకా ఎక్కింది. యూట్యూబులో వంద కోట్ల వ్యూస్ ఎప్పుడో దాటిపోయింది. ఆ పాట రచయితల జాబితాలో ఆరు పేర్లున్నాయి. మధ్యలో వచ్చి ఒక చరణం పాడి వెళ్లే టై డాలా సైన్ పేరు కూడా అందులో ఉంది. పాటంతా మోసిన అయిదుగురు అమ్మాయిల్లో ఒక్కరి పేరూ లేదు.

ఈ బృందం ఎందుకు విడిపోయిందని అడిగితే అభిమానులు గంటల తరబడి చెబుతారు. ఎవరు ఎవరితో మాటలు మానేశారు, ఏ ఇంటర్వ్యూలో ఎవరు మొహం తిప్పుకున్నారు, ఎవరి తల్లి ఏమంది... కొంత నిజమే అయి ఉండొచ్చు. పదిహేనేళ్ల పిల్లలను తెచ్చి ఏళ్ల తరబడి ఒకే బస్సులో తిప్పితే తగాదాలు రాకుండా ఎలా ఉంటాయి? కానీ తగాదాలు పడుతూనే ఇరవై ఏళ్లు కలిసి పాడిన బృందాలు బోలెడు. నన్నడిగితే, అసలు సంగతి ఆ ఆరు పేర్ల జాబితాలో ఉంది.

మొదట వీళ్లు ఎలా కలిశారో చూద్దాం. కలిశారు అనడం కంటే కలిపారు అనాలి. 2012లో ‘ఎక్స్ ఫ్యాక్టర్’ అమెరికా పోటీ రెండో సీజన్‌కు ఈ అయిదుగురూ ఎవరికి వాళ్లు వచ్చారు. కమీలా కబెయో క్యూబాలో పుట్టి చిన్నప్పుడే మయామీ చేరిన పిల్ల. లారెన్ హారెగీదీ మయామీయే, క్యూబా మూలాలున్న కుటుంబం. ఆలీ బ్రూక్ టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో అమ్మాయి. నార్మానీ కుటుంబం కత్రినా తుఫాను తర్వాత న్యూ ఆర్లీన్స్ వదిలి హ్యూస్టన్ వచ్చింది. డైనా జేన్ కాలిఫోర్నియాలో పెరిగిన టోంగా సంతతి పిల్ల. కమీలా, డైనాలకు పదిహేనేళ్లు, లారెన్, నార్మానీలకు పదహారు. అందరిలో పెద్దది ఆలీ, ఆమెకు పంతొమ్మిది.

సోలో పోటీదారులుగా అయిదుగురూ ఓడిపోయారు. మన పాటల పోటీల్లో అయితే అక్కడితో ఇంటికి బండెక్కేవాళ్లే. ఇక్కడ మాత్రం న్యాయనిర్ణేతలు ఓడినవాళ్లలోంచి అయిదుగురిని ఏరి, మీరిక ఒక బృందం అన్నారు. అది 2012 జులై 27. మొదట పెట్టుకున్న పేరు చెల్లలేదు, రెండోది నప్పలేదు. చివరికి ప్రేక్షకుల సాయంతో ‘ఫిఫ్త్ హార్మొనీ’ ఖాయమైంది. పోటీలో మూడో స్థానం వచ్చింది. రెండేళ్ల ముందు బ్రిటన్‌లో అదే పోటీ న్యాయనిర్ణేత సైమన్ కావెల్ ఇదే పద్ధతిలో వన్ డైరెక్షన్ కుర్రాళ్లను కలిపాడు. వాళ్లదీ మూడో స్థానమే. మూడో స్థానం సరుకును ప్రపంచమంతా అమ్మవచ్చని అప్పటికే రుజువైంది కాబట్టి, 2013 మొదట్లోనే కావెల్ కంపెనీ సైకో, ఎపిక్ రికార్డ్స్ కలిసి ఈ అమ్మాయిలతో ఒప్పందం చేసుకున్నాయి.

ఆ ఏడాది వాళ్లు షాపింగ్ మాల్స్‌లో పాడుతూ ఊరూరా తిరిగారు. అభిమానులు తమను తాము ‘హార్మొనైజర్స్’ అని పిలుచుకున్నారు. 2015లో మొదటి పూర్తి ఆల్బమ్ ‘రిఫ్లెక్షన్’ వచ్చింది. అందులోని ‘వర్త్ ఇట్’ హాట్ 100లో పన్నెండు దాకా వెళ్లింది. దాని రచయితల్లోనూ వీళ్లెవరూ లేరు.

ఇక్కడ కాస్త ఆగి లెక్క చూద్దాం. విన్నవాళ్లకు పాట ఒక్కటే. చట్టం దృష్టిలో మాత్రం అందులో రెండు ఆస్తులున్నాయి. ఒకటి కూర్పు, అంటే సాహిత్యమూ బాణీ. అది రాసినవాళ్లదీ, వాళ్ల ప్రచురణ సంస్థదీ. రెండోది రికార్డింగ్. అది సాధారణంగా రికార్డు కంపెనీది. పాడినవాళ్లకు ఆ రెండోదాని రాబడిలో ఒప్పందం ప్రకారం ఒక వాటా వస్తుంది. కొత్తవాళ్లకైతే ఆ వాటా నూటికి పదిహేను చుట్టుపక్కల ఉండటం మామూలు. సోలో గాయని అయితే ఆ పదిహేనూ ఆమెవే. అయిదుగురైతే తలా మూడు. అందులోంచి మేనేజరు, లాయరు తీసుకునేది వేరే.

ఆ మూడైనా చేతికి వెంటనే రాదు. కంపెనీ ముందుగా ఇచ్చే అడ్వాన్సు, స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చులో కొంత, ఇవన్నీ గాయకుల వాటాలోంచే తిరిగి రాబట్టుకుంటారు. షావుకారు దగ్గర పెట్టుబడి తెచ్చి కౌలు సాగు చేసినట్టన్నమాట. పంట అమ్మి అప్పు తీర్చేసినా చేను మాత్రం నీది కాదు. రికార్డింగ్ కంపెనీ పేరనే ఉంటుంది.

కూర్పు ఆస్తిది వేరే దారి. అమెరికాలో మామూలు ఎఫ్ఎం రేడియోలో పాట వస్తే రచయితలకూ ప్రచురణకర్తలకూ డబ్బు వస్తుంది, పాడినవాళ్లకు రాదు. ఉపగ్రహ రేడియో, ఇంటర్నెట్ రేడియో ఇస్తాయి కానీ ఎఫ్ఎం ఇవ్వదు. రేడియోవాళ్ల వాదన పాతదే: మేం మీ పాట వేయడమే మీకు ప్రచారం కదా! ఈ లెక్కన 2016 వేసవంతా అమెరికా ఎఫ్ఎంలలో ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ మోగినందుకు ఆ ఆరుగురికి డబ్బు అందింది. అయిదుగురు అమ్మాయిలకు పేరొచ్చింది.

పాట ఎవరిదన్న ప్రశ్న మనకూ కొత్త కాదు. 2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికా కచేరీల్లో ఉండగా, తన అనుమతి లేకుండా తన పాటలు పాడవద్దని ఇళయరాజా తరఫున లీగల్ నోటీసు వచ్చింది. బాలు పాడిన పాట బాలుదే అనుకున్న శ్రోతలు విస్తుపోయారు. న్యాయం ఎటున్నదన్న మాట అటుంచితే, గొంతు వేరు, కూర్పు వేరు అని ఆ రోజు చాలామంది తెలుగువాళ్లకు తెలిసొచ్చింది.

చిన్న వయసులో సంతకాలు పెట్టినవాళ్లను చట్టం అసలు పట్టించుకోదా అంటే, కొంత పట్టించుకుంటుంది. చాప్లిన్ ‘ది కిడ్’ సినిమాలో నటించిన జాకీ కూగన్ సంపాదనను పెద్దలు ఖర్చు పెట్టేసిన పాపానికి, కాలిఫోర్నియాలో 1939లో అతని పేరు మీదే ఒక చట్టం వచ్చింది. దాని ఇప్పటి రూపం ప్రకారం బాల కళాకారుల సంపాదనలో పదిహేను శాతం విడిగా దాచాలి. మంచిదే. వచ్చిన డబ్బును కాపాడుతుంది. పాటలో చోటు మాత్రం ఇప్పించదు. ఆ చోటు పాట రాసే గదిలో ఉన్నవాళ్లకే దక్కుతుంది. వీళ్లేమో ఆ గదిలో ఉండే తీరిక లేకుండా మాల్ నుంచి మాల్‌కు, ఊరి నుంచి ఊరికి తిరుగుతున్నారు. చాలావరకు కూర్పు పూర్తయ్యాక స్టూడియోకు వచ్చి తమ భాగం పాడి వెళ్లేవారు.

బృందం బయట ఆ గదిలోకి అడుగు పెట్టింది కమీలా. 2015 నవంబరులో షాన్ మెండిస్‌తో కలిసి ఒక పాట విడుదల చేసింది. రాసినవాళ్లలో ఆమె పేరుంది. 2016 అక్టోబరులో మెషీన్ గన్ కెల్లీతో ‘బ్యాడ్ థింగ్స్’. అందులోనూ ఆమె సహ రచయిత. ఆ పాట హాట్ 100లో నాలుగుకు చేరింది. అయిదుగురు కలిసి నాలుగేళ్లలో అందుకున్న అత్యున్నత స్థానమూ నాలుగే. ఇక లెక్క వేసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. సొంత పాటలు రాసుకోవాలన్నదే తన కోరికని ఆమె తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆమెను స్వార్థపరురాలు అన్నవాళ్లున్నారు. నేను అనలేను. అలాగని, ఒకమ్మాయి బయట సోలో పాటలు చేస్తుంటే తమ బృందం గతేమిటని మిగతా నలుగురికి గుబులు పుట్టడాన్నీ తప్పు పట్టలేను.

2016 డిసెంబరు 18న ఫ్లోరిడాలో ఒక కచేరీలో అయిదుగురూ కలిసి పాడారు. ఆ రాత్రే బృందం పేరుతో ఒక ప్రకటన వచ్చింది: తాను వెళ్లిపోతున్నట్టు కమీలా తన ప్రతినిధుల ద్వారా తెలియజేసిందని. ఆ ప్రకటన చూసి నిర్ఘాంతపోయానని, తన మనసులో మాట వాళ్లకు ముందే తెలుసని కమీలా బదులిచ్చింది. నెలల తరబడి కూర్చుని మాట్లాడాలని చూశామని నలుగురూ మళ్లీ రాశారు. ఆ గొడవలో అభిమానులు రెండు శిబిరాలయ్యారు. ఆ శిబిరాల విషం అంతకుముందే ఒకరిని కాటేసింది. ఒక ఇంటర్వ్యూలో కమీలా గురించి నార్మానీ చెప్పిన మాట చాలినంత మెచ్చుకోలుగా లేదని, నల్లజాతి అమ్మాయి అయిన ఆమెపై జాత్యహంకార దూషణలు కురిపించారు. 2016 ఆగస్టులో ఆమె కొన్నాళ్లు ట్విటర్ వదిలేయాల్సి వచ్చింది.

నలుగురుగా మిగిలినవాళ్లు చేసిన పని గమనించదగ్గది. మూడో ఆల్బమ్ రచనలో తమ పేర్లు ముందుకంటే బాగా ఎక్కువగా చేర్పించుకున్నారు. అంటే వెళ్లిపోయిన అమ్మాయి దేనికోసం వెళ్లిందో, ఉన్నవాళ్లూ దానికోసమే పట్టుబట్టారు. కానీ ఆలస్యమైంది. 2017 ఆగస్టులో ఆ ఆల్బమ్ వచ్చింది. అందులో ముందుగా విడుదలైన పాట ‘డౌన్’ హాట్ 100లో 42 దగ్గర ఆగింది. అదే ఆగస్టులో వచ్చిన కమీలా ‘హవానా’ 2018 జనవరిలో ఒకటో స్థానానికి చేరింది. అంతకుముందు, 2017 ఆగస్టు నెలాఖరున ఎంటీవీ అవార్డుల వేదికపై అయిదు ఆకారాలు కనిపించాయి. అయిదో ఆకారాన్ని వెనక్కి లాగి పడేసినట్టు చూపించి, నలుగురు ఆట మొదలుపెట్టారు. చూడటానికి సరదాగానే ఉంది కానీ, నాకు అది కాస్త చిన్నతనంగా తోచింది. తనకు బాధ కలిగిందని కమీలా తర్వాత చెప్పింది. 2018 మార్చి 19న బృందం నిరవధిక విరామం ప్రకటించింది. మే 11న ఫ్లోరిడాలో చివరి కచేరీ.

పిల్లల బృందాల గతి ఇంతే అనేవాళ్లు లిటిల్ మిక్స్‌ను చూడాలి. 2011లో బ్రిటన్ ఎక్స్ ఫ్యాక్టర్‌లో, సరిగ్గా ఇలాగే, సోలోగా ఓడినవాళ్లను కలిపి చేసిన నలుగురమ్మాయిల బృందం అది. 2012లో వచ్చిన మొదటి ఆల్బమ్ నుంచే పాటల రచనలో వాళ్ల పేర్లున్నాయి. తర్వాత కావెల్ కంపెనీతో తెగతెంపులు చేసుకున్నా, 2020 చివర ఒకరు వెళ్లిపోయినా, మిగిలినవాళ్లు 2022 దాకా నడిపారు. రచనలో వాటా ఒక్కటే వాళ్లను పదేళ్లకు పైగా కలిపి ఉంచిందని అనడం అతిశయోక్తే. ఉంటే లాభం, వెళ్తే నష్టం అన్న లెక్క మాత్రం అందరికీ ఒక్కలాగే ఉండేది. ఫిఫ్త్ హార్మొనీలో అది తలా ఒక రకం.

విడిపోయాక అందరి దారీ పూలబాట కాలేదు. ఖలీద్‌తో తాను కలిసి రాసి పాడిన ‘లవ్ లైస్’తో నార్మానీ మొదటి పదిలోకి వెళ్లింది. అయినా ఆమె తొలి సోలో ఆల్బమ్ రావడానికి 2024 దాకా పట్టింది. 2025 ఆగస్టు 31న డాలస్‌లో జోనస్ బ్రదర్స్ కచేరీలో కమీలా మినహా నలుగురూ వేదికెక్కి ‘వర్త్ ఇట్’, ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ పాడారు. జనం ఊగిపోయారు. అమెరికాలో ఇలాంటి కచేరీలకు వేదికవాళ్లు కట్టే లైసెన్సు రుసుము కూడా కూర్పు ఖాతాలోకే వెళ్తుంది, పాట రాసినవాళ్లకు.