పట్టు తప్పించే విషం

జమైకా గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోరు కింద ఒక మచ్చ ఉండేది. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బేమో అనుకున్నారు. 1977లో పరీక్ష చేస్తే మెలనోమా అని తేలింది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ ఇది. 1981 మేలో, 36 ఏళ్లకే ఆయన కన్నుమూశారు. గోరు కింద మొదలైన జబ్బు అప్పటికి మెదడు దాకా పాకింది.

మెలనోమా ప్రాణం తీసేది ఈ పాకుడుతోనే. రక్తంలో కొట్టుకుపోయే కణం మరోచోట కుదురుకోవాలంటే దానికి పట్టు దొరకాలి. ఆ పట్టు ఇచ్చేవి కణం పైపొరలోని ఇంటెగ్రిన్లు అనే ప్రోటీన్లు. పాము విషం మీద క్యాన్సర్ పరిశోధకుల కన్ను పడింది ఇక్కడే.

పింజరి జాతి పాము కరిస్తే రక్తం ఓ పట్టాన గడ్డకట్టదు. దానికి ఉన్న కారణాల్లో డిసింటెగ్రిన్లు అనే బుల్లి ప్రోటీన్లు ఒకటి. మామూలుగా గాయమైనప్పుడు రక్తంలోని ఫైబ్రినోజెన్ వచ్చి ప్లేట్‌లెట్ల ఇంటెగ్రిన్లకు అతుక్కుని, వాటిని ఒకచోట గుదిగుచ్చుతుంది. డిసింటెగ్రిన్ అంతకుముందే ఆ చోటు ఆక్రమిస్తుంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపినట్టే! ఆ తువ్వాలు చాలా వాటిలో మూడే అమైనో ఆమ్లాలు: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం.

మెలనోమా కణాలకూ ఇంటెగ్రిన్లు ఉన్నాయి కదా, వాటి సీట్లూ ఇలాగే ఆపితే? బలూచిస్తాన్ ఇసుక ఎడారుల్లో బతికే ఒక పింజరి విషంలో ఎరిస్టోస్టాటిన్ అనే డిసింటెగ్రిన్ దొరికింది. 49 అమైనో ఆమ్లాల గొలుసు అది. మెలనోమా కణాలు ఎక్కించిన ఎలుకలకు దాన్ని ఇస్తే కాలేయంలో గడ్డలు తగ్గాయని 1995లో ప్రచురితమైన పరిశోధన చెప్పింది. విచిత్రమేమిటంటే, క్యాన్సర్ కణాలు రక్తనాళం దాటి బయటికి రావడం ఆగలేదు. వచ్చాక పెరగడమే తగ్గింది. అమెరికాలో కాపర్‌హెడ్ పాము విషం నుంచి ఫ్రాన్సిస్ మార్క్‌లాండ్ బృందం వేరుచేసిన కాంటార్ట్రోస్టాటిన్ అనే మరో డిసింటెగ్రిన్ కూడా జంతువుల్లో ఆశ రేపింది.

అయితే ఎలుకకూ మనిషికీ మధ్య దూరం చాలా ఉంది. ప్లేట్‌లెట్లను కూడా అడ్డుకునే ప్రోటీన్‌ను ఒంట్లోకి పంపితే రక్తస్రావం భయం. పైగా రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా చూడొచ్చు. పాము విషం నుంచి పుట్టిన మెలనోమా మందు ఇప్పటిదాకా ఏదీ అనుమతి పొందలేదు.

అలాగని ఈ దారి వృథా కాదు. బ్రెజిల్ పాము విషం చూపిన బాటలో తయారైన రక్తపోటు మాత్ర కాప్టోప్రిల్‌కు 1981లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. గుండెపోటు రోగులకు వాడే టిరోఫిబాన్ 1998లో వచ్చింది. దానికి నమూనా మన చేలగట్ల మీద పొలుసులు రాసుకుంటూ బరబరమని చప్పుడు చేసే చిన్న పింజరి విషంలోని ప్రోటీనే. మందు మాత్రం విషం కాదు, కర్మాగారంలో తయారైన అణువు.

కాబట్టి క్యాన్సర్‌కు పాము విషం చుక్కలంటూ ఎవరైనా అమ్మితే కొనకండి. మనలాంటి ముదురు రంగు చర్మం వారిలో మెలనోమా అరుదే కానీ, వచ్చినప్పుడు తరచుగా అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద కనిపిస్తుంది. అరికాలిలో కొత్త నల్లమచ్చ పెరుగుతున్నా, గోరులో నల్లగీత వెడల్పవుతున్నా చర్మవైద్యుడికి చూపించండి. తొలిదశలో దొరికితే, చాలామందికి ఆ మచ్చను కోసి తీసేయడంతోనే నయమవుతుంది.