కృష్ణానది నడుమ దీవి

నాగార్జునసాగర జలాశయము నడుమ నొక దీవి కలదు. అందు ఊరు లేదు. లాంచి యెక్కి పోయినవారికి అచట ఇటుక గోడల మొదళ్లు, రాతి స్తంభములు, మధ్యయుగపు కోటగోడ, ఒక ప్రదర్శనశాల కనబడును. ఇది మొదట దీవి కాదు. నాగార్జునకొండ యను కొండ. దాని దిగువ లోయలో క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి వర్ధిల్లెను.

ఆ రాజకుటుంబపు తీరు వింతగొలుపును. శాంతమూల మహారాజు అశ్వమేధము చేసిన వైదికుడు. ఆయన సోదరి శాంతిశ్రీయో, బౌద్ధుల మహాచైత్యమును కట్టించినది. బోధిశ్రీ యను ఉపాసిక సింహళ భిక్షువుల కొరకు చైత్యగృహము నిర్మించినది.

మహాచైత్యపు అడుగుభాగము అడ్డముగా 106 అడుగులు. అంత పెద్ద కట్టడమును పూర్తిగా ఇటుకతో నింపలేదు. బండిచక్రమును తలచుకొనుడు. నడుమనుండి అంచువరకు ఆకులవలె గోడలు పెట్టి, వాని మధ్యనున్న చోటును మట్టితో నింపిరి. ఇటుక తగ్గినది, బలము తగ్గలేదు.

కాలక్రమమున ఆ నగరము మరుగున పడెను. 1926లో శాసనశాఖకు చెందిన రంగస్వామి సరస్వతి ఆ శిథిలములను గుర్తించెను. పిమ్మట లాంగ్‌హర్‌స్టు దొర జరిపిన త్రవ్వకములలో మహాచైత్యమునుండి చిన్న బంగారు భరిణె, అందొక ఎముకతునక లభించినవి.

ఇంతలో కృష్ణకు ఆనకట్ట కట్టుటకు నిశ్చయమైనది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసెను. నీరు నిలిచిన లోయ యంతయు మునుగును. నిలువకున్న లక్షల యెకరములు ఎండును. ఆ లోయలో సేద్యము చేసికొనుచున్న పల్లెవారును ఇండ్లు విడువవలసివచ్చెను. వారి త్యాగమును గూర్చి మనము తక్కువగా చెప్పుకొందుము.

1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున లోయను త్రవ్వి పరిశీలించిరి. తొమ్మిది ముఖ్య కట్టడములను ఊడదీసి కొండపై మరల నిలిపిరి. పదునాలుగింటికి నమూనాలు చేసిరి. మెట్లుమెట్లుగా ఆసనములున్న ప్రేక్షకశాలను ఒడ్డుననున్న అనుపునకు తరలించిరి. ఈజిప్టులో నైలునది ముంపునుండి అబూ సింబెల్ ఆలయములను తప్పించు పని 1964లో గాని ఆరంభము కాలేదు. మన విజయపురి తరలింపు అంతకు ముందే జరిగినను, దానికి ఆ ప్రఖ్యాతి రాలేదు.

1966లో కొండపై ప్రదర్శనశాల తెరచిరి. 1967లో కాలువలకు నీరు వదలిరి. అచటికి పోవు విద్యార్థులు ఏది అసలు కట్టడమో, ఏది నమూనాయో అడిగి తెలిసికొనవలెను. కోటగోడ తాను కట్టబడిన చోటనే యున్నది. శాంతిశ్రీ చైత్యము మాత్రము లోయనుండి కొండ యెక్కినది. అది మొదట నిలిచిన నేల నీటి అడుగున నున్నది.