ఇంటి కంప్యూటరుకు కొత్త ధారణ

అవధాన విద్యలో పూరణం ఒక ఎత్తు, ధారణ మరొక ఎత్తు. పృచ్ఛకులడిగిన పద్యాలను ఎంత సొగసుగా పూరించినా, చివరకు వాటిని తడబడక అప్పజెప్పగలిగినప్పుడే సభ సంతృప్తి చెందుతుంది. కంప్యూటరు విషయమూ ఇంచుమించు ఇంతే. ప్రాసెసరు గణనలో ఎంత చురుకైనదైనా, భద్రపరచిన సమాచారం అడిగిన వెంటనే అందకపోతే ఆ చురుకుదనమంతా నిరీక్షణలోనే వ్యర్థమవుతుంది. ఏడెనిమిదేళ్ల కిందట కొన్న కంప్యూటరు, మీట నొక్కిన రెండు మూడు నిమిషాలకు గాని పనికి సిద్ధం కాకపోవడం అనేక గృహాలలో కనిపించే సంగతే. అది ముసలిదైపోయిందనీ, కొత్తది కొనక తప్పదనీ ఇంటివారు నిశ్చయిస్తారు. కాని చాలా సందర్భాలలో ఆ జాప్యానికి కారణం దానిలోని ఒకే ఒక భాగం. అదే హార్డ్ డిస్క్.

1956లో ఐ.బి.ఎం. సంస్థ ఈ సాధనాన్ని తొలిసారిగా లోకానికి అందించింది. ఇరవైనాలుగు అంగుళాల వ్యాసం గల 50 పళ్లాలు, సుమారు ఒక టన్ను బరువు, 50 లక్షల అక్షరాలను దాచుకోగల సామర్థ్యం - ఇదీ దాని స్వరూపం. నేడు ఒక చిన్న ఛాయాచిత్రానికే అంత చోటు కావాలి. ఆనాటి నుండి పరిమాణం కుంచించుకుపోయింది, సామర్థ్యం లక్షల రెట్లు పెరిగింది, కాని మూలసూత్రం మారలేదు. అయస్కాంత పదార్థం పూసిన పళ్లెం గిరగిర తిరుగుతూ ఉంటుంది. దానిపై సన్నని చేయి అటూ ఇటూ కదులుతూ, కావలసిన చోటు తన కిందికి వచ్చేవరకు ఆగి చదువుకుంటుంది.

ఈ ఆగడంలోనే చిక్కంతా ఉంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే పళ్లానికి ఒక ప్రదక్షిణ పూర్తి కావడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు సగటున సగం చుట్టు దూరంలో ఉంటుందనుకుంటే నాలుగు మిల్లీసెకన్లు, చేయి కదలడానికి మరొక ఎనిమిది - వెరసి పన్నెండు. మనిషికి ఇది లెక్కలోనికి రాని కాలం. మూడు గిగాహెర్ట్‌జ్ ప్రాసెసరుకు మాత్రం ఆ వ్యవధిలో మూడున్నర కోట్ల గడియార స్పందనలు గడచిపోతాయి. కంప్యూటరు మేల్కొనేటప్పుడు ఇలాంటి చిన్న చిన్న వెతుకులాటలు వేల సంఖ్యలో జరుగుతాయి. మీట నొక్కినవారు తెర ముందు కూర్చుని ఎదురుచూసేది ఆ పళ్లెం తిరుగుళ్ల కోసమే.

సాలిడ్ స్టేట్ డ్రైవ్, అనగా ఎస్.ఎస్.డి., ఈ తిరుగుడునే తొలగించింది. అందులో కదిలే భాగమేదీ లేదు. 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ అనే శాస్త్రజ్ఞులు విద్యుదావేశాన్ని బంధించి ఉంచే ఒక ట్రాన్సిస్టరును రూపొందించారు. జపానులోని తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువోకా 1980లలో దాని ఆధారంగా ఫ్లాష్ మెమరీని నిర్మించాడు. నేటి ఎస్.ఎస్.డి.లకు మూలమైన నాండ్ రకం 1987లో వెలుగు చూసింది. విద్యుత్ నిరోధక పొర వెనుక చిక్కిన ఎలక్ట్రానులు కరెంటు పోయినా అక్కడే నిలిచి ఉంటాయి. ర్యామ్‌కు లేని గుణం ఇదే. ర్యామ్‌లోని సమాచారం కరెంటుతోపాటే పోతుంది. ఎస్.ఎస్.డి.లో ఎక్కడి సమాచారమైనా మిల్లీసెకనులో పదవ వంతు కాలంలోనే అందుతుంది.

అయితే ఇందులో ఒక లోపం లేకపోలేదు. పాతది చెరిపితే గాని అదే చోట కొత్తది రాయడం సాధ్యం కాదు. చెరిపిన ప్రతిసారీ నిరోధక పొర కొంత అరుగుతుంది. అందుచేత లోపలి నియంత్రకం ఆ అరుగుదలను అన్ని గదులకూ సమంగా పంచుతుంది. దీనిని చూసి భయపడవలసిన పని లేదు. 500 గిగాబైట్ల డ్రైవుకు తయారీదారులు 300 టెరాబైట్ల రాతవరకు హామీ ఇచ్చిన సందర్భాలున్నాయి. రోజుకు ఇరవై గిగాబైట్లు రాసినా ఆ హద్దు చేరడానికి నలభై ఏళ్లు పడుతుంది.

కొనేముందు మదర్‌బోర్డు ఏ రకం డ్రైవును స్వీకరిస్తుందో తెలుసుకోవాలి. రెండున్నర అంగుళాల సాటా డ్రైవు పాత కంప్యూటర్లలో చాలావాటికి సరిపోతుంది. సెకనుకు సుమారు 550 మెగాబైట్లు చదువుతుంది. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు గల ఎం.2 పలక రూపంలోని ఎన్.వి.ఎం.ఇ. డ్రైవులు ఇంకా ఎన్నో రెట్లు వేగవంతమైనవి. కాని ఎం.2 గాడి కనిపించినంత మాత్రాన ఎన్.వి.ఎం.ఇ. పనిచేస్తుందని అనుకోరాదు. కొన్ని గాడులు సాటా రకాన్ని మాత్రమే అంగీకరిస్తాయి. ఉత్తరాలు రాసుకోవడం, లెక్కలు చూసుకోవడం వంటి నిత్యకృత్యాలలో హార్డ్ డిస్క్ నుండి సాటాకు మారినప్పుడు కలిగే మార్పే పెద్దది; అక్కడినుండి పై మెట్టుకు ఎక్కినప్పుడు తేడా అంతగా తెలియదు.

అసలు జాగ్రత్త వహించవలసినది సమాచారాన్ని తరలించే ఘట్టంలో. తాళపత్రాలు చెదలపాలు కాకముందే సి.పి. బ్రౌను పండితులను నియమించి తెలుగు గ్రంథాలకు ప్రతులు రాయించాడు. మూలం చెడకముందే ప్రతి సిద్ధం కావాలన్న ఆ వివేకం ఇక్కడ అక్షరాలా అవసరం. పెళ్లి ఫోటోలు, పిల్లల ధ్రువపత్రాలు, గతించిన పెద్దల కంఠస్వరాలు - ఇవన్నీ ఆ పాత పళ్లెం మీదే ఉంటాయి. ముందుగా వాటిని వేరొక బాహ్య డిస్క్‌లోకి ఎక్కించాలి. ఆ తరువాతనే క్లోనింగ్ ప్రోగ్రాముతో పాత డిస్క్ మొత్తాన్ని కొత్తదానిలోకి దించాలి, లేదా విండోస్‌ను కొత్తగా స్థాపించుకోవాలి. క్లోనింగ్‌లో మూలమేదో గమ్యమేదో తారుమారు చేసి ఎంచుకుంటే, ఖాళీ డ్రైవు నిండిన డిస్క్ మీదికి వచ్చి పడుతుంది. ఆ ఒక్క నొక్కుతో సంవత్సరాల జ్ఞాపకాలు మాసిపోవచ్చు. డిస్క్‌ల పేర్లనూ పరిమాణాలనూ రెండుసార్లు సరిచూసుకోవడం చాదస్తమేమీ కాదు.

ఎస్.ఎస్.డి. తీర్చలేని లోటు ఒకటుంది. విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలతో కూడిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11ను స్వీకరించలేని పాత ప్రాసెసరు ఉన్నచోట వేగం పెరుగుతుందే గాని ఆ అనర్హత పోదు. అటువంటి కంప్యూటరులో లినక్స్ వంటి వ్యవస్థను స్థాపించుకొనడం ఉచితమార్గం.

కొత్త డ్రైవు అమరిన తరువాత పూర్వపు అలవాట్లు కొన్ని విడిచిపెట్టాలి. హార్డ్ డిస్క్‌కు మేలు చేసిన డీఫ్రాగ్మెంటేషన్ ఎస్.ఎస్.డి.కి అనవసరమైన అరుగుదల. దానికి బదులు, 2009 నాటి విండోస్ 7తో వచ్చిన ట్రిమ్ అనే సదుపాయం చెరిపివేసిన చోట్లను డ్రైవుకు తెలియజేస్తుంది. ఫలితంగా పొరపాటున తొలగించిన ఫైలును తిరిగి రాబట్టడం చాలా కష్టమవుతుంది. పైగా హార్డ్ డిస్క్ తరచు గరగర శబ్దంతో ముందే హెచ్చరిస్తుంది, ఎస్.ఎస్.డి. కొన్ని వేళల మాటమాత్రమైనా చెప్పకుండా మూగబోతుంది. కనుక తీసివేసిన పాత డిస్క్‌ను వెంటనే చెరిపి అమ్మివేయరాదు. కొన్ని వారాలు కదపకుండా ఉంచి, కొత్త డ్రైవులో అన్నీ సక్రమంగా తెరుచుకుంటున్నాయని నిర్ధారించుకున్నాక, ఇంకా ఆరోగ్యంగా ఉంటే యు.ఎస్.బి. పెట్టెలో అమర్చి ప్రతులను దాచే భాండాగారంగా వాడుకోవచ్చు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉండే పనికి ఎస్.ఎస్.డి. కంటే ఆ పాత పళ్లెమే తగినది. బంధించిన ఎలక్ట్రానులు కాలక్రమంలో మెల్లగా జారిపోతాయి.