విండోస్ నుంచి మ్యాక్‌కి: ఫైళ్ళు పోకుండా మార్చుకోవడం ఎలా?

మనలో చాలామంది ఇళ్ళల్లో రెండు రకాల కంప్యూటర్లు ఉంటాయి. ఒకటి పాత విండోస్, రెండోది కొత్తగా కొన్న మ్యాక్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ముగిశాక మా ఇంట్లోనూ అదే పరిస్థితి. పాతదాన్ని వదిలించుకునే ముందు అందులోని ఫైళ్ళన్నీ కొత్తదాంట్లోకి మార్చాలని ఒక శనివారం కూర్చున్నాను.

వాటిలో ఒక ఫైలంటే నాకు ప్రాణం. 2011లో నేను ఎమ్మెస్‌కి బయల్దేరిన ఏడాది వేసవిలో, మా అమ్మమ్మ ఆవకాయ కలుపుతూ చెప్పిన కబుర్లని మామయ్య వీడియో తీశాడు. ముక్కలన్నీ కలిపి ఒకే ఫైలు చేస్తే 6 జీబీ అయింది. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఖాళీగా ఉన్న 32 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఆ ఫైలు కాపీ చేయబోతే, "ఫైలు మరీ పెద్దది" అంటూ మొరాయించింది!

తప్పు పెన్‌డ్రైవ్‌ది కాదు, దాని ఫార్మాట్‌ది. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఒక్కో ఫైలు సైజు రాసుకోవడానికి 32 బిట్లే ఉంటాయి. అందుకని ఏ ఫైలూ 4 జీబీకి చేరకూడదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. పోనీ విండోస్ సొంత పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేద్దామా అంటే, దాన్ని మ్యాక్ చదవగలదు గానీ, మామూలుగా అందులో రాయలేదు. రెండిటికీ పనికొచ్చేది ఎక్స్‌ఫ్యాట్. ఫార్మాట్ చేస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, జాగ్రత్త. కాపీ అయ్యాక 'ఇజెక్ట్' చేయకుండా పీకేయకండి.

ఫైళ్ళు మరీ ఎక్కువుంటే పెన్‌డ్రైవ్ కన్నా ఇంట్లో నెట్‌వర్కే సుఖం. రెండు కంప్యూటర్లూ ఒకే రౌటర్‌కి కలిపి ఉండాలి. విండోస్‌లో నెట్‌వర్క్‌ని 'ప్రైవేట్'గా పెట్టి, ఫోల్డర్ మీద రైట్‌క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో 'షేరింగ్'కి వెళ్ళి షేర్ చేయండి. మ్యాక్‌లో ఫైండర్ తెరిచి, 'గో' మెనూలో 'కనెక్ట్ టు సర్వర్' నొక్కి, ఎస్‌ఎంబి అన్న మూడక్షరాలు, ఒక కోలన్, రెండు స్లాష్‌లు, ఆ వెంటనే విండోస్ కంప్యూటర్ ఐపీ అడ్రసు ఇవ్వండి. ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు: అది అడిగేది విండోస్ అకౌంట్ పాస్‌వర్డు, మీరు రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కాదు! లైనక్స్ వాడేవాళ్ళకి ఇదే పని ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన 'సాంబా' చేసిపెడుతుంది.

వైఫై నెమ్మదిగా ఉంటే రెండిటినీ కేబుల్‌తో రౌటర్‌కి కలపండి. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకి సుమారు 110 ఎంబీ దాకా వెళుతుంది. అంటే 100 జీబీకి పావుగంట చాలు.

ఇక అసలు సంగతి. ఏరు దాటాక తెప్ప తగలేయడం లోకంలో ఉన్నదే. కంప్యూటర్ల దగ్గర మనం ఏరు దాటామో లేదో చూసుకోకుండానే తగలేస్తాం! కాబట్టి 'కట్' వద్దు, 'కాపీ' మాత్రమే చేయండి. రెండువైపులా ఫైళ్ళ సంఖ్య సరిచూడండి. బాగా ముఖ్యమైనవాటికి చెక్‌సమ్ చూడండి. విండోస్‌లో 'సర్ట్‌యుటిల్', మ్యాక్‌లో 'షాసమ్' అనే కమాండ్లు ఫైలంతా చదివి, వేలిముద్ర లాంటి పొడుగాటి సంఖ్య ఇస్తాయి. రెండిట్లోనూ ఎస్‌హెచ్ఏ256 పద్ధతే ఎంచుకోండి. రెండు సంఖ్యలూ ఒకటే అయితే రెండు ఫైళ్ళూ ఒకటే. ఆ తరవాత ఇంకో కాపీ వేరే డిస్కులో దాచి, అప్పుడు పాతది చెరపండి.

నాకు రెండు సంఖ్యలూ కలిశాయి. అయినా ఒకసారి వీడియో మొత్తం చూశాను. అమ్మమ్మ ఉప్పెంతో, కారమెంతో చెబుతోంది. ఈసారి రాసుకున్నాను.